హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ మీద రెండు థ్రెడ్లు నడపడం) ఆపేస్తే గేముల్లో ఏమన్నా తేడా పడుతుందా?

ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్ (6 కోర్లు, 12 థ్రెడ్లు), 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, డబ్బాలో వచ్చిన కూలరే. కడప ఎండల్లో ఏసీ లేని గది కాబట్టి గేమ్ పెడితే ప్రాసెసర్ 85 డిగ్రీలు దాటుతోంది. బయోస్‌లో హైపర్‌థ్రెడింగ్ డిసేబుల్ చేస్తే వేడి కొంత తగ్గుతుంది. ఒకే కోర్‌లోని యూనిట్లను, క్యాషెను రెండు థ్రెడ్లు పంచుకుంటాయి కాబట్టి 12 థ్రెడ్లంటే 12 కోర్లు కావు, అదీ తెలిసిందే. క్రోమ్, ట్యాలీ, వర్డ్‌కైతే 6 కోర్లే ఎక్కువ.

అనుమానమంతా గేముల మీదే. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అలాగే ఉన్నా, అట్టడుగు 1 శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్ పడిపోయి ఆట కుదుపులిస్తుందా? ముఖ్యంగా వెనక డిస్కార్డ్ (వాయిస్ చాట్), ఓబీఎస్ (స్క్రీన్ రికార్డర్) నడుస్తున్నప్పుడు? ఓబీఎస్‌లో ఎన్‌కోడర్ ఎన్‌వెంక్ (గ్రాఫిక్స్ కార్డులోనిది), ప్రాసెసర్ మీద నడిచే ఎక్స్264 కాదు. రికార్డింగ్ బరువు ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీదే.

ఇదే చిప్ మీద, ఒకే సీన్‌లో, రెండు రకాలుగానూ ఆఫ్టర్‌బర్నర్ (ఎఫ్‌పీఎస్ కొలిచే సాఫ్ట్‌వేర్)తో కొలిచినోళ్లుంటే ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) అంకెలు పెట్టండన్నా. కొత్త కూలర్ కొనమంటారా, అది జీతం పడినాక.