రసదుడు: విషం పెట్టేవాడికి మనకున్న మాట

మొన్న మన గుంపులో ఒకావిడ అడిగారు. ఫాంటసీ నవల ఒకటి తెలుగు చేస్తున్నారట. అందులో రాజుగారి కొలువులోనే ఉంటూ విషం పెట్టే మనిషి ఉన్నాడు, అతనికి ఒక్క మాట కావాలన్నారు. విషదాత, విషప్రయోగి అని సూచనలు వచ్చాయి. అవి తప్పు కాదు. కానీ అచ్చంగా ఈ ఉద్యోగానికే పాత పేరొకటి ఉంది: రసదుడు. కౌటిల్యుడి (అంటే చాణక్యుడి) అర్థశాస్త్రంలో గూఢచారుల వరసలో, ప్రాణానికి తెగించే తీక్ష్ణుడి పక్కనే ఉంటాడు. వంటవాడు, స్నానం చేయించేవాడు, ఒళ్లు పట్టేవాడు, పక్క వేసేవాడు, మంగలి, మంచినీళ్లు అందించేవాడు... పెద్ద ఉద్యోగుల ఇళ్లల్లో చేరడానికి అతను వేసే వేషాలివి. అన్నీ మనిషి ఒంటికి దగ్గరగా మసిలే పనులే, గమనించండి.

మాట కట్టుబడి తేలిక. వరం ఇస్తే వరదుడు, జలం ఇస్తే జలదం, రసం ఇస్తే రసదుడు. రసం అనగానే మనకు చారో, మామిడిపండో, కావ్యమో తడుతుంది. అమరం (అమరకోశం, పాత సంస్కృత నిఘంటువు) చదివినవాళ్లకు మాత్రం ఈ పంక్తి గుర్తుండాలి:

శృంగారాదౌ విషే వీర్యే గుణే రాగే ద్రవే రసః

విషమూ రసమే, రాగమూ (అంటే మనసు పడటమూ) రసమే. ఇది సంస్కృతానికే చెల్లిన వింత అనుకోనక్కర్లేదు. మన "మందు" చూడండి. జబ్బుకు వేసుకునేది మందు, చేలో కొట్టేది పురుగుల మందు, మొగుణ్ణి కొంగున కట్టేసుకోవడానికి అన్నంలో కలిపిందని చెప్పుకునేది పెట్టుడు మందు. మా అమ్మమ్మ ఒకరింట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు, "అక్కడ మందు పెడతారే" అని గొంతు తగ్గించి చెప్పేది. చంపడానికా, వశం చేసుకోవడానికా అని నేనెప్పుడూ అడగలేదు. ఆ మాటలో రెండు భయాలూ ఉన్నాయి.

వ్యాఖ్య: చాలా బాగుందండీ. ముద్రారాక్షసం నాటకంలో చంద్రగుప్తుడికి మందులో విషం కలిపిన వైద్యుడు కూడా రసదుడేనా? డబ్బుకోసమే చేశాడంటారా?

జవాబు: ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నానండీ. విషకన్య అందరికీ తెలుసు, ఈ వైద్యుడు ఎవరికీ గుర్తుండడు. పేరు అభయదత్తుడు. రెండో అంకంలో విరాధగుప్తుడనే గూఢచారి పాములవాడి వేషంలో వచ్చి రాక్షసమంత్రికి, అంటే చంద్రగుప్తుడికి ముందు ఏలిన నందుల మంత్రి, రాక్షసుడనే పేరున్నవాడికి, ఈ సంగతి చెబుతాడు (ఆ వేషంలో అతని పేరు జీర్ణవిషుడు, అరిగిపోయిన విషం!). వైద్యుడు విషం కలిపిన మందు తయారుచేశాడు, బంగారు గిన్నెలో దాని రంగు మారడం చాణక్యుడు చూశాడు, తాగవద్దని చంద్రగుప్తుణ్ణి వారించాడు, ఆ మందే వైద్యుడి చేత తాగించారు, చనిపోయాడు. అంతే. ఎందుకు చేశాడో నాటకంలో ఒక్క ముక్క లేదు.

నా ఊహ ఇది. డబ్బుకోసం కాదు.

వెంటనే వచ్చే మాటలు చూడండి. వైద్యుడి చావు విని రాక్షసుడు "అయ్యో, ఎంతటి విజ్ఞానరాశి పోయింది" అంటాడు. ఆ తర్వాత పడకగది చూసుకునే ప్రమోదకుడి సంగతి అడుగుతాడు. వాడు మూర్ఖుడు, మీరిచ్చిన అర్థరాశితో విచ్చలవిడిగా ఖర్చులు మొదలుపెట్టాడు, ఇంత డబ్బు ఎక్కడిదని అడిగితే పొంతన లేకుండా మాట్లాడి దొరికిపోయాడు అని కబురు. ఒకడు విజ్ఞానరాశి, ఇంకొకడి చేతిలో అర్థరాశి. నాలుగు మాటల తేడాలో ఒకే "రాశి" రెండుసార్లు రావడం కాకతాళీయం అనిపించదు నాకు. డబ్బు ముట్టినవాడెవడో కవి వేలుపెట్టి చూపించాడు, వైద్యుడి దగ్గర ఆ ఊసే లేదు.

ఇంకొకటి. రాజుకు మందు ఇచ్చే పద్ధతి అర్థశాస్త్రంలో ఉంది. ఔషధాల గదిలో రుచి చూసి సరేనన్న మందునే వైద్యుడు తీసుకోవాలి, దాన్ని కాచినవాడి చేత, నూరినవాడి చేత రుచి చూపించాలి, తానూ చూడాలి, అప్పుడు రాజుకివ్వాలి. చాణక్యుడి కొలువులో ఈ పద్ధతి లేకుండా ఉంటుందా? ఆ గిన్నె పట్టుకుని గదిలోకి అడుగుపెట్టిన వైద్యుడికి, మొదటి గుక్క తనదేనని తెలుసు. డబ్బు తీసుకున్నవాడు దాన్ని అనుభవించాలని చూస్తాడు, ప్రమోదకుడిలాగా. ఇతను ఆ లెక్క వేసుకోలేదు. చనిపోయిన నందుల మీద మిగిలిన అభిమానం తప్ప మరో కారణం నాకు తోచడం లేదు.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. రసదులు ఎలాంటివాళ్లంటే, బంధువుల మీద ప్రేమ లేనివాళ్లు, క్రూరులు, సోమరులు అంటాడు కౌటిల్యుడు. ఈ మూడూ అభయదత్తుడికి అతకవు. ప్రాణం మీద ఆశ వదులుకున్నవాళ్లు అనే లక్షణం తీక్ష్ణులకు చెప్పాడు. వాళ్లు మళ్లీ డబ్బుకోసమే ఏనుగుతోనైనా తలపడతారు. కాబట్టి చేసిన పనిని బట్టి ఇతను రసదుడు, తెగింపును బట్టి తీక్ష్ణుడు, కారణాన్ని బట్టి రెండూ కాడు. అమరం చెప్పిన రాగం అనే అర్థంలో రసదుడు అనాలంటే నాకు అభ్యంతరం లేదు.

వ్యాఖ్య: శాస్త్రంలో ఉన్న నియమాన్ని నాటకంలోకి లాగుతున్నారు. మందు రుచి చూసే ఘట్టం నాటకంలో లేదు కదా?

జవాబు: లేదండీ, ఒప్పుకుంటాను. చాణక్యుడు రంగు చూసి పట్టుకున్నాడనే ఉంది. రుచి చూడటం దాకా వెళ్లిందో లేదో తెలియదు. రాశి మాట మీద మాత్రం నేను గట్టిగా నిలబడతాను, అది నాటకంలోనే ఉంది.

నవల తెలుగు చేస్తున్నావిడకు: డబ్బుకో, పగకో, బద్ధకంకొద్దీ దొంగదారి వెతుక్కునో చేసేవాడైతే రసదుడు అని నిశ్చింతగా వాడండి. మొదటిసారి వచ్చినచోట "విషం పెట్టే రసదుడు" అని ఒక్కసారి విప్పి చెబితే చాలు. విషదుడు అని మాత్రం వద్దు, చెవికి విశదంలా తగులుతుంది. మీ నవలలో ఆ మనిషి గిన్నె అందించే ముందు తాను రుచి చూస్తాడా? అదొక్కటి చెప్పండి, మిగతాది మాట్లాడుకుందాం.