దసరాకి ఫుకెట్, క్రాబీ పోదామనుకుంటున్నాం. అమ్మ, పిల్లలతో పోయేవాళ్లు ముందే ఏం చూసుకోవాలి?

ఎడమకాలువ_మిర్యాలగూడ
అందరికీ నమస్తే. మేం ఐదుగురం: నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, మా అమ్మ. దసరా సెలవుల్లో థాయిలాండ్ పోవాలని ప్లాన్. ట్రావెల్స్ వాళ్లు దసరాకి ఒక రేటు, సంక్రాంతికి ఒక రేటు చెప్పారు, దసరాది చాలా తక్కువ. ఎందుకంటే "ఆఫ్ సీజన్ సార్, రష్ ఉండదు" అన్నారు, అంతే. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు, మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. పిల్లలు సముద్రం చూసింది సూర్యలంకలోనే. పాపకి ఈత వచ్చు, బావిలో నేర్చుకుంది, బాబుకి రాదు. ఏ బట్టలు, ఏ చెప్పులు అనే లిస్టులు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి, అవి వద్దు. పెద్దావిడని, చిన్నపిల్లాడిని తీసుకుని పోయినవాళ్లు అసలు విషయం చెప్పండి.

పాలమూరు_ఆడబిడ్డ
అన్నా, డబ్బు కట్టకముందే అడిగావు, మంచి పని చేశావు. ఫుకెట్, క్రాబీ రెండూ అండమాన్ సముద్రం వైపు ఉన్నాయి. అక్కడ మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలి, వానలు. సెప్టెంబర్, అక్టోబర్‌లో వాన మరీ ఎక్కువ. వాన ఒక్కటే అయితే గదిలో కూర్చుంటాం, కానీ అలలు పెద్దవైతే బీచ్‌లో ఎర్రజెండా పెడతారు, దీవులకి పోయే బోట్లు ఆపేస్తారు, అప్పుడు అంత దూరం పోయి హోటల్ స్విమ్మింగ్ పూల్ చూసి రావాలి. రేటు తక్కువ ఉండేది అందుకే. తూర్పు తీరం వైపున్న కో సముయి దీవికి పోదామన్నా అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలే. నన్నడిగితే సంక్రాంతికే పోండి, పిల్లలకి ఒకట్రెండు రోజులు బడి పోయినా పర్లేదు. జనవరిలో అండమాన్ వైపు నీళ్లు శాంతంగా ఉంటాయి.

ఇంకొకటి, పిల్లల పాస్‌పోర్టులు తీసి తేదీలు చూడు. పెద్దవాళ్లకి పదేళ్లు, పిల్లలకి ఐదేళ్లే. ప్రయాణం నాటికి కనీసం ఆర్నెల్ల గడువు మిగిలి ఉండాలి. బాబుకి కొత్తది చేయించాలంటే తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్జర్ డి అనే ఒప్పుకోలు పత్రం ఉండాలి. మా మహబూబ్‌నగర్‌లో పోస్టాఫీసులోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, కానీ స్లాట్ రోజే పని అయిపోదు, పోలీస్ వెరిఫికేషన్ అడిగితే ఇంకా టైమ్ పడుతుంది. వీసా రూల్స్ మారుతుంటాయి, ఎంబసీ సైట్‌లోనే చూడు.

నల్లగొండ_ఈత
నేను పిల్లలకి ఈత నేర్పిస్తాను, అందుకే ఈ ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. బావి ఈత వేరు, సముద్రం ఈత వేరు. బావిలో నీళ్లు కదలవు. సముద్రంలో ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి పోవడానికి ఒకచోట దారి చేసుకుంటాయి, దాన్ని రిప్ కరెంట్ అంటారు. ఎడమ కాలువ నిండుగా వదిలినప్పుడు ఎట్లా లాగుతుందో మీకు తెలుసు కదా, అట్లా లోపలికి లాగుతుంది. చూడటానికి అక్కడే అలలు విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది, నురుగు లోపలికి పోతుంటుంది. తెలియనివాళ్లు "ఇక్కడ అలలు లేవు, మంచిగుంది" అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు!

పాపకి ఇప్పుడే చెప్పండి: లాగితే ఒడ్డుకేసి ఎదురు ఈదొద్దు, వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. వెల్లకిలా తేలడం బాబుకి కూడా నేర్పించొచ్చు, నెల రోజులు రోజూ పొద్దున పూల్‌కి తీసుకెళ్తే వచ్చేస్తుంది. ఎర్రజెండా ఉంటే మోకాళ్ల లోతుకి కూడా దిగొద్దు. గాలి నింపే ట్యూబులు నమ్మొద్దు, బాబు సైజు లైఫ్ జాకెట్ ఇక్కడే కొనుక్కుని పట్టుకెళ్లండి, బోట్లలో ఇచ్చేవి చాలావరకు పెద్దవాళ్లవే. జెల్లీ ఫిష్ తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు, వెనిగర్ పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

దేవరకొండ_శాకాహారి
అమ్మ భోజనం గురించి. "వెజిటేరియన్" అంటే అక్కడ చాలాచోట్ల మాంసం ముక్క తీసేసి ఇస్తారు, కానీ కూరలో చేపల సాస్, రొయ్యల ముద్ద ఉంటాయి. బొప్పాయి సలాడ్‌లో కూడా ఎండు రొయ్యలు వేస్తారు. మీరు "జే" అని అడగాలి, అంటే అక్కడి భాషలో పూర్తి శాకాహారం. పసుపు జెండా మీద ఎర్ర థాయ్ అక్షరాలున్న కొట్లు అవే, వాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఫుకెట్‌లో ఏటా తొమ్మిది రోజుల శాకాహార పండగ జరుగుతుంది, చాలా ఏళ్లు మన నవరాత్రులతో కలిసే వస్తుంది, ఆ రోజుల్లో అమ్మకి తిండి బాధే ఉండదు. అయినా పైన అక్క చెప్పిన వానల సంగతే పెద్దది, నేనూ సంక్రాంతికే అంటాను. ఇండియన్ హోటళ్లు ఎలాగూ ఉన్నాయి. అటుకులు, పల్లీల పొడి, సకినాలు పెట్టుకోండి. పచ్చడి మాత్రం చెకిన్ బ్యాగులోనే, నూనె కాబట్టి చేతి సంచిలో ఆపేస్తారు. పవర్ బ్యాంక్ దానికి రివర్స్, చేతి సంచిలోనే ఉండాలి. అమ్మ బీపీ మాత్రలు కూడా డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే.

ఎడమకాలువ_మిర్యాలగూడ
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో చదివి వినిపించాను, సంక్రాంతికి మార్చేశాం. క్రాబీలో రైలే బీచ్‌కి బోటులోనే పోవాలంట కదా, అమ్మ ఎక్కగలదా?

పాలమూరు_ఆడబిడ్డ
అవునన్నా, చుట్టూ కొండలు, రోడ్డు లేదు. లాంగ్ టెయిల్ బోటు, అంటే అక్కడి పొడుగు చెక్క మోటారు పడవ, ఇసుక దగ్గర ఆగుతుంది, మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి చిన్న నిచ్చెన పట్టుకుని ఎక్కాలి, అదీ బోటు ఊగుతుండగా. చీరతో ఆవిడకి చాలా కష్టం. పంజాబీ డ్రెస్ అలవాటు చేయించు, లేకపోతే అమ్మని అటు బోట్లు ఎక్కే ఆవో నాంగ్ బీచ్‌లోనే ఒడ్డున కూర్చోబెట్టి మీరు వంతులవారీగా పోయి రండి. ఫీఫీ దీవులకి స్పీడ్ బోట్ అయితే అసలు వద్దు, కుదుపులకి నడుము పట్టేస్తుంది, పెద్ద ఫెర్రీ తీసుకోండి. ఫీఫీలోని మాయా బే బీచ్ చూపిస్తామని ప్యాకేజీలో ఉంటే పిల్లలకి ముందే చెప్పు, అక్కడ ఈత కొట్టనివ్వరు, పగడాలు పాడయ్యాయని 2018లో మూసి 2022లో తెరిచారు.

ఇంకా థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డు అని ఆన్‌లైన్ ఫారం ఉంది, దిగడానికి మూడు రోజుల్లోపు నింపేది, అది ఫ్రీ. డబ్బులడిగే సైట్ వస్తే మూసేయ్. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకో, ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి అక్కడి సముద్ర నేషనల్ పార్కుల్లో 2021 నుంచి నిషేధం.