గడప దాటలేని అమ్మతో రోజూ కాశీ ప్లాన్లు... తప్పా?

గోదారిగట్టు:
మా అమ్మకి డెబ్బై దాటాయి. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. రాజమండ్రిలో అక్క దగ్గర ఉంది. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడవగలదు, అంతే. నేను బెంగళూరులో ఉద్యోగం. రోజూ రాత్రి వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చుని కాశీ ప్రయాణం ప్లాన్ వేస్తాం. విజయవాడలో గంగా కావేరి ఎక్కడం, బల్లార్షా దాటాక పులిహోర డబ్బా విప్పడం, ఇటార్సీ, జబల్‌పూర్ మీదుగా వెళ్ళి కాశీలో దిగడం, కేదార్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలో గది. అక్కడ ఏ కూర వదిలేస్తుందో కూడా తేల్చేసింది, కాకరకాయట. ఇష్టమైనది వదలాలమ్మా అంటే నవ్వుతుంది.

అక్క మాత్రం ఈ మాటలు ఆపమంటోంది. లేనిపోని ఆశలు పెడుతున్నావంటుంది. దూరప్రయాణం సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేనని డాక్టరు అన్నారు. కుదరదని మాత్రం అనలేదు. మీరేమంటారు?

శేషు_ఓరుగల్లు:
ఆపెయ్యండి. మా నాన్న మంచాన పడ్డప్పుడు మా అన్నయ్యలు ఇలాగే అమర్‌నాథ్ తీసుకెళ్తామని మొదలుపెట్టారు. 70 దాటినవాళ్ళకి ఆ యాత్రకి పర్మిటే ఇవ్వరు, మిగతావాళ్ళకైనా డాక్టరు సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఆ రూల్స్ అన్నీ ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అయినా కొడుకులు చిన్నబుచ్చుకుంటారని ఊఁ కొడుతూ ఉండేవారు. ఓపిక లేని మనిషి మన కోసం ఉత్సాహం నటించాల్సి రావడం ఎంత నరకమో దగ్గరుండి చూశాను.

లలిత_ఫిజియో:
శేషు గారూ, మీ నాన్నగారి పరిస్థితి వేరు, ఈవిడది వేరు. నేను ఇళ్ళకి వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తాను. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళు చాలామంది నొప్పి వల్ల కాదు, మళ్ళీ పడతామేమోనన్న భయంతో నడక మానేస్తారు. ఎటైనా వెళ్ళాలన్న కోరిక గట్టిగా ఉన్నవాళ్ళతో వ్యాయామం చేయించడం నాకైతే తేలిక. అయితే ఉత్త కాశీ మాటలే అయితే లాభం లేదు. రైలు పెట్టె మెట్లు ఎంత ఎత్తుగా ఉంటాయో తెలుసుగా, దానికంటే ముందు ఇంటి ముందు మెట్లు ఎక్కి దిగాలి. మీ ప్లాన్‌లో అది ఎక్కడా లేదు, పులిహోర ఉంది. ఇంకోటి, ఫలానా నెలలో వెళ్దాం అని మాత్రం అనకండి.

బండి_పిచ్చోడు:
నెల చెప్పినా ఉపయోగం లేదు, ఇప్పుడు టికెట్లు 60 రోజుల ముందే ఇస్తున్నారు. 2024 నవంబరుకి ముందు 120 ఉండేది. 45 దాటిన ఆడవాళ్ళకి కింది బెర్త్ కోటా ఉంది, వాడుకోండి. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో తీసేశారు, దాని మీద ఆశ వద్దు. నన్నడిగితే హైదరాబాద్ నుంచి వారణాసికి విమానం మేలు, ముందే చెప్తే వీల్‌చైర్ ఇస్తారు. విశ్వనాథుడి గుడి చుట్టూ ఇరుకు సందుల బాధ కూడా 2021 డిసెంబరులో గుడి నుంచి గంగ దాకా వెడల్పాటి కారిడార్ ప్రారంభించాక బాగా తగ్గింది. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరితే ఇంటికి తిరిగి రావడానికి పదిహేను నెలలు పట్టింది. మనకేం, ఒకటిన్నర రోజు!

శేషు_ఓరుగల్లు:
అన్నా, ఆయన అడిగింది బండ్ల సంగతి కాదు.

కువైట్_కోనసీమ:
2020లో విమానాలు ఆగిపోయి రూములో ఇరుక్కున్నప్పుడు మావాళ్ళందరం రాత్రిళ్ళు ఇవే కబుర్లు. అంతర్వేది తీర్థానికి ఎవరు ఏ బండి మీద వెళ్ళాలో కూడా గొడవలు పడ్డాం. పిచ్చెక్కకుండా ఉన్నామంటే ఆ కబుర్ల పుణ్యమే. కానీ ఒకటుంది అన్నా, ఈ రోజు కాకపోతే ఇంకో రోజు వెళ్తామని మాకు తెలుసు. మీ అమ్మగారు ఏమనుకుంటున్నారో అడిగారా? ఆవిడకిది ప్రయాణమా, మీతో మాట్లాడుకోడానికి ఒక వంకా? వంకే అయితే హాయిగా కానివ్వండి, తప్పేం లేదు.

గోదారిగట్టు:
అడగలేదు. అడిగితే ఉన్న ఆ సరదా కూడా పోతుందేమోనని.

పద్మ_రాజమండ్రి:
నేనే ఆ అక్కని. మా అమ్మాయి ఈ చర్చ చూపించింది.

ఒరేయ్, నువ్వు పదింటికి ఫోన్ పెట్టేసి పడుకుంటావు. అమ్మ పడుకోదు. స్వెట్టర్ ఎక్కడుంది, కాశీలో చలి అంటుంది. ఇత్తడి చెంబు తోమించావా అంటుంది. మొన్న అర్ధరాత్రి ఆ స్వెట్టర్ కోసం వాకర్ లేకుండా బీరువా దాకా వెళ్ళబోయింది. చప్పుడుకి లేచాను కాబట్టి సరిపోయింది. ఆశ, వంచన అని ఇక్కడ అందరూ పెద్ద పెద్ద మాటలు రాస్తున్నారు. నా గొడవ అది కాదు. ప్లాన్ నీది, రాత్రి కాపలా నాది.

ఆ గంటసేపు అమ్మ మొహం వెలిగిపోతుంది, అదీ నిజమే. కాదనను. కానీ ఈ ఇంట్లో గడప దాటనిది అమ్మ ఒక్కతే కాదు. దసరా నుంచి నేనూ బజారు వరకూ తప్ప ఎటూ పోలేదు. మరి నాకు ఎవరు ప్లాన్ వేస్తున్నారు?

లలిత_ఫిజియో:
పద్మ గారూ, ముందు ఆ స్వెట్టరూ చెంబూ మంచం పక్కన చేతికి అందేలా పెట్టెయ్యండి. రాత్రి లైటు వెయ్యండి, వాకర్ మంచానికి ఆనించి ఉంచండి. ఆ ఫోన్ పగలు, వ్యాయామం అయ్యాక చేయించండి. పడుకునే ముందు అసలు వద్దు.

శేషు_ఓరుగల్లు:
ప్రశ్న వేసినాయన ఈ విషయం చెప్పకుండా మా అందరి చేతా తీర్పులు చెప్పించారు. తమ్ముడూ, మీ అక్కగారి మాటకి జవాబు చెప్పు.

గోదారిగట్టు:
బీరువా సంగతి నాకు తెలీదు, నువ్వు చెప్పలేదు అక్కా. ఇకనుంచి మధ్యాహ్నం లంచ్ టైములో చేస్తాను. నువ్వు ఎటైనా వెళ్ళిరా, నేను వచ్చి ఉంటాను.

బండి_పిచ్చోడు:
మేడం, అరకు వెళ్ళండి. విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్, అద్దాల పెట్టెలో సీటు. బొర్రా గుహలు కూడా దారిలోనే.

పద్మ_రాజమండ్రి:
అరకూ వద్దు, అద్దాలూ వద్దు బాబూ. కాకినాడలో మా పిన్ని ఇంట్లో రెండు రాత్రులు లేవకుండా నిద్రపోవాలి.

ఒరేయ్, శుక్రవారం రాత్రి బండెక్కు. శనివారం పగలంతా నేనుంటాను, అమ్మని మంచం మీంచి ఎలా లేపాలో నేర్పిస్తాను. వీపు కింద చెయ్యి వెయ్యాలి, భుజం పట్టి లాగకూడదు. నేర్చుకున్నావనిపిస్తే సాయంత్రం బస్సుకి నేను వెళ్తాను. కాశీ గురించి ఆ రెండు రోజులూ ఎంతసేపైనా మాట్లాడుకోండి, రాత్రి లేచేది నువ్వేగా.