ట్రేడ్‌మార్కుపై అభ్యంతరాలు రిజిస్ట్రేషన్‌కు ముందు వినాలా, తర్వాత వినాలా?

న్యాయార్థి:
మన ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 ప్రకారం ట్రేడ్‌మార్కులను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం, అంటే రిజిస్ట్రీ, దరఖాస్తును పరిశీలించి ఆమోదించినంత మాత్రాన హక్కు చేతికి రాదు. ఆ గుర్తును ముందుగా రిజిస్ట్రీ అధికారిక పత్రిక అయిన ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటిస్తారు. ఆ తర్వాత 4 నెలల లోపు ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. జర్మనీ, జపాన్ దేశాల్లో ముందు రిజిస్టర్ చేసి, ఆపైనే అభ్యంతరాలకు గడువు ఇస్తారు; జర్మనీలో అది 3 నెలలు, జపాన్‌లో 2 నెలలు. ఎవరూ అడ్డు చెప్పని దరఖాస్తులు సైతం అన్ని నెలలు ఎందుకు ఆగాలి? రిజిస్టర్ అయ్యేదాకా ఉల్లంఘన దావా వేసే వీలు కూడా లేదు. మనమూ ఆ పద్ధతికి మారాలని నా అభిప్రాయం.

జర్నల్ పాఠకురాలు:
న్యాయార్థి గారూ, ఆలస్యం వల్ల నష్టం ఉన్నమాట నిజమే కానీ, మీరు చెప్పినంత లేదు. గుర్తు ఎప్పుడు రిజిస్టరైనా హక్కును దరఖాస్తు తేదీ నుంచే లెక్కిస్తారు. ఈలోగా ఎవరైనా అనుకరిస్తే, అప్పటికే వ్యాపారంలో పేరు సంపాదించుకున్నవారికి పాసింగ్ ఆఫ్ దావా (తన సరుకును వేరొకరి సరుకుగా నమ్మించి అమ్మేవారిపై వేసేది) ఉండనే ఉంది. అసలు తేల్చుకోవలసింది రుజువు భారం ఎవరిదన్నదే. ఒకసారి రిజిస్టరైతే, 31వ సెక్షన్ ప్రకారం ఆ రిజిస్ట్రేషనే గుర్తు చెల్లుతుందనడానికి ప్రాథమిక సాక్ష్యమవుతుంది. దాన్ని తొలగించమని అడిగేవారు ఎదురీదక తప్పదు.

జర్నల్‌లో ఒక ప్రకటనను దగ్గర పెట్టుకుని చూడండి. గుర్తు, దరఖాస్తు సంఖ్య, తేదీ, దరఖాస్తుదారు పేరు, చిరునామా, సరుకుల వివరం, ఎప్పటి నుంచి వాడుతున్నారు లేదా ఇకపై వాడదలచారు అన్న సమాచారం, అన్నీ అందులో ఉంటాయి. ట్రేడ్‌మార్కుల కోసం సరుకులను విభజించిన తరగతుల్లో 3వదానిలో, సబ్బులకు ‘మృదువు’ వంటి మాటను ఎవరైనా కోరారనుకుందాం. అది పరీక్షకుడి కన్ను కప్పినా, అదే మాటను సరుకు గుణంగా తన పెట్టె మీద అచ్చువేసుకుంటున్న మరో తయారీదారు దాన్ని చూసి ఊరుకోడు. అందరికీ చెందిన మాట ఒకరి సొత్తు కాకముందే ఆపగలిగే అవకాశం ఇది. యూరోపియన్ యూనియన్‌లో ఆ గుర్తుపై ముందునుంచీ హక్కు ఉన్నవారే అభ్యంతరం వేయగలరు, ఇతరులు తమ అభిప్రాయాలను రాసి పంపడంతో సరిపెట్టుకోవాలి. మన చట్టం మాత్రం ఆ తలుపు ఎవరికైనా తెరిచి ఉంచింది. దీన్ని వదులుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

అభ్యాసి:
తలుపు తెరిచి ఉంటే బలవంతులే ముందు దూరుతున్నారు. మా చిన్న సంస్థ దరఖాస్తుపై ఒక పెద్ద కంపెనీ అభ్యంతరం వేసింది. రెండు పేర్లకూ కలిసింది చివరి అక్షరం ఒక్కటే. నోటీసు అందిన 2 నెలల్లో కౌంటర్ స్టేట్‌మెంట్ (అభ్యంతరానికి రాతపూర్వక జవాబు) వేయకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే పరిగణిస్తారు. న్యాయవాది ఖర్చుకు తట్టుకోలేక మేము వదులుకున్నాం.

జర్నల్ పాఠకురాలు:
మీకు జరిగింది అన్యాయమే, అభ్యాసి గారూ. అయితే అభ్యంతరాన్ని రిజిస్ట్రేషన్ తర్వాతికి జరిపినా ఆ కంపెనీ అదే కాగితాన్ని అప్పుడు వేసేది, ఖర్చు మీకు అంతే అయ్యేది. మందు వేయవలసిన చోటు వేరు. భారతదేశంలో నివాసం గానీ వ్యాపారం గానీ లేని అభ్యంతరదారు నుంచి ఖర్చులకు పూచీ అడిగే అధికారం 21వ సెక్షన్ రిజిస్ట్రార్‌కు ఇప్పటికే ఇస్తోంది. అభ్యంతరాలు వేసి, సాక్ష్యం దాఖలు చేయకుండా పదే పదే వదిలేసేవారికి కూడా దీన్ని వర్తింపజేయాలి. దరఖాస్తు రద్దయ్యే ముందు మరొక హెచ్చరిక పంపడం కూడా తప్పనిసరి చేయాలి.

న్యాయార్థి:
పూచీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ 4 నెలలు ఎందుకు? అమెరికాలో ముందే ప్రకటించినా గడువు 30 రోజులే, అవసరమైనవారు పొడిగింపు కోరతారు. మనమూ అలా చేస్తే మిగతావారికి నిరీక్షణ తగ్గుతుంది.

జర్నల్ పాఠకురాలు:
ఇక్కడ జర్నల్ వారం వారం వెలువడుతుంది. దాన్ని గాలించడానికి మనుషులను పెట్టుకున్న సంస్థకు 30 రోజులు చాలు. సొంతంగా చదువుకుని, సలహా అడిగి, తన వాడకానికి రుజువుగా పాత బిల్లులు వెదికి తీయవలసిన చిన్న వ్యాపారికి చాలవు. గడువు తగ్గించాలంటే ముందుగా, తన పేరును పోలిన దరఖాస్తు ప్రకటితమైన రోజునే ఆ వ్యాపారికి రిజిస్ట్రీ నుంచి సమాచారం అందే ఏర్పాటు చేయండి. అప్పుడు 2 నెలలకు నేను ఒప్పుకుంటాను.