ప్రాంగణంలో నాటిన మొక్కలు వేసవి దాటడం లేదు: తక్కువ నిధులతో ఏ పని ముందు చేపట్టాలి?

సందేహం (ఉమ్మడి పాలమూరు జిల్లా, పీజీ విద్యార్థిని)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదువుతూ జాతీయ సేవా పథకంలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. మాది ఎర్ర చెలక నేల. తొలకరికి ఏటా వందల మొక్కలు నాటుతున్నాం కానీ, మార్చి వచ్చేసరికి బోర్లు అడుగంటి, ట్యాంకరు నీళ్లు హాస్టళ్లకే చాలక, వాటిలో చాలా భాగం ఎండిపోతున్నాయి. మెస్‌లో మిగిలిన అన్నం, కూరలను వెనుక గోడ పక్కన పారబోస్తున్నారు; రాలిన ఆకులను ఊడ్చి తగులబెడుతున్నారు. ప్రాంగణంలో చేపట్టదగిన పర్యావరణ కార్యక్రమాలపై ఒక ప్రతిపాదన రాసి ఇవ్వమని మా ప్రోగ్రాం ఆఫీసర్ గారు ఈసారి నాకు అప్పగించారు. నిధులు స్వల్పంగానే ఉంటాయి. సోలార్ పలకలు, ఇంకుడు గుంతలు, కంపోస్టు, మొక్కలు, వీటిలో దేనితో మొదలుపెడితే పని నాలుగు కాలాలు నిలబడుతుందో అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం (నల్లగొండ, భూగర్భజల శాఖ విశ్రాంత ఉద్యోగి)

అమ్మా, ముందు నీటి లెక్క తేల్చుకోండి. చెలక నేలలో నాటిన మొక్క వేళ్లు లోతుకు దిగేదాకా, అంటే కనీసం మొదటి రెండు వేసవులు, దానికి వారానికి 20 లీటర్ల నీరైనా అందాలి. మార్చి నుంచి వానలు పడేదాకా 15 వారాలనుకుంటే, ఒక్కో మొక్కకు 300 లీటర్లు. వంద మొక్కలకు 30,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద చూపించలేని ఏ ప్రతిపాదనలోనూ మొక్కల సంఖ్య రాయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఆ నీరు మీ హాస్టల్‌లోనే ఉంది. ఒక బ్లాకులో వంద మంది ఉండి, ఒక్కొక్కరు స్నానానికి ఒక్క బకెట్ వాడినా రోజుకు 1,500 లీటర్లు కాలువ పాలవుతున్నాయి. వారానికి అది 10,500 లీటర్లు, పైన చెప్పిన లెక్కన 500 మొక్కలకు సరిపోతుంది. స్నానపు గదుల గొట్టం మరుగుదొడ్ల గొట్టంతో కలవకుండా ఉన్న బ్లాకు ఏదో ప్లంబరును వెంటబెట్టుకొని చూడండి. కొన్ని భవనాల్లో రెండూ కింద ఒకే చాంబర్‌లో కలుస్తాయి కాబట్టి, విడిగా ఉన్న బ్లాకుతోనే మొదలుపెట్టడం చవక. ఆ నీటిని కంకర, ఇసుక నింపి మెట్టతామర నాటిన ఒక చిన్న మడి గుండా పంపితే సబ్బు మురికి చాలావరకు అక్కడే ఆగిపోతుంది. అలా వచ్చిన నీటిని ఏ రోజుకారోజు మొక్కలకు పారించాలి. నిల్వ పెడితే వాసన వస్తుంది, దోమలు చేరతాయి. మెస్‌లో గిన్నెలు కడిగిన నీటిని మాత్రం నూనె జిడ్డును పట్టే తొట్టి కట్టకుండా దీనిలో కలపవద్దు.

ఇంకుడు గుంతల విషయానికి వస్తే, ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు వస్తుంది. 800 చదరపు మీటర్ల భవనం మీద ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిస్తే, ఐదో వంతు నష్టం తీసివేసినా 3,84,000 లీటర్లు. అయితే మన ప్రాంతంలో కింద ఉన్నది చాలావరకు గ్రానైటు రాయి. నీరు నిలిచేది పైనున్న శిథిల పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే. అందువల్ల గుంత ఎక్కడ పడితే అక్కడ తవ్వకుండా, ముందు నాలుగైదు చోట్ల అడుగు లోతున చిన్న గుంతలు తీసి, నీళ్లు పోసి, గంటలో ఎంత ఇంకిందో పుల్లతో కొలవండి. బాగా ఇంకిన చోటే పెద్ద గుంత తీసి, అడుగున బండరాళ్లు, వాటి మీద కంకర, పైన దొడ్డు ఇసుక నింపించండి. తొలి వానకు కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలు కొట్టుకొస్తాయి కనుక, ఆ నీటిని బయటికి వదిలేందుకు గొట్టానికి ఒక మూత ఉండాలి. పై ఇసుకను ఏటా వానలకు ముందు తీసి కడగకపోతే ఒండ్రు పేరుకొని గుంత పనిచేయడం మానేస్తుంది.

సందేహం (అదే విద్యార్థిని)

ధన్యవాదాలు సార్. స్నానపు నీటి సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. మరొక్క విషయం అడుగుతాను. మా మెస్‌లో తాగునీటి ఆర్ఓ యంత్రం వదిలే నీరు రోజంతా కాలువలోకి పోతోంది. చూడటానికి తేటగానే ఉంటుంది. దాన్ని కూడా మొక్కలకో, ఇంకుడు గుంతకో మళ్లించవచ్చా?

సమాధానం (నల్లగొండ, భూగర్భజల శాఖ విశ్రాంత ఉద్యోగి)

మళ్లించకండి. ఆర్ఓ యంత్రం లవణాలను నాశనం చేయదు. తాగే నీటి నుంచి వేరు చేసి, వదిలేసే నీటిలోకి నెడుతుంది. అందుచేత ఆ నీరు మీ బోరు నీటికన్నా ఉప్పగా ఉంటుంది, ఫ్లోరైడ్ ఉన్న చోట అదీ మరింత చిక్కబడి ఉంటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఆ హద్దు దాటిన నీరు తాగి నడుములు వంగిపోయిన వారిని మా నల్లగొండ జిల్లా పల్లెల్లో దగ్గరి నుంచి చూసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఆ నీటిని తిరిగి భూమిలోకి దింపడమంటే మీ బోరును, మీ పొరుగు పల్లె బోరును మీరే పాడుచేయడం. మరుగుదొడ్లలో పోయడానికి, వరండాలు కడగడానికి దాన్ని వాడండి. ప్రతిపాదనకు ముందే బోరు నీటిని పరీక్ష చేయించి, ఆ నివేదికను జతపరచండి.

సమాధానం (దేవరకొండ, హాస్టల్ వార్డెన్)

మెస్ వ్యర్థాల గురించి నాకు తెలిసింది రాస్తాను. మొదట తూకం వేయించండి. కంచాల్లో మిగిలింది ఒక డ్రమ్ములో, వంటపాత్రల్లో మిగిలింది మరొక డ్రమ్ములో వేయించి, పూటపూటకూ ఆ బరువులను మెస్ గుమ్మం పక్కన బోర్డు మీద రాయండి. పాత్రల్లో మిగిలేది ఎక్కువగా ఉంటే అది వంట అంచనాలో లోపం. శనివారం రాత్రి ఎంత మంది ఊళ్లకు వెళ్తున్నారో శుక్రవారమే పేర్లు రాయిస్తే చాలా వరకు తగ్గుతుంది. కంచాల్లో మిగిలేదానికి ఉపన్యాసాలకన్నా చిన్న గరిటె బాగా పనిచేస్తుంది.

ఇక తగ్గించగా మిగిలినదానికి కంపోస్టు. మీరు తగులబెడుతున్న ఆకులే దీనికి ముడిసరుకు. మాఘం, ఫాల్గుణం నెలల్లో వేప, కానుగ ఆకు రాలినప్పుడు గోతాల్లో నింపి నీడన పెట్టుకోండి, ఏడాదంతా అక్కరకు వస్తుంది. ఒక గంప మెస్ వ్యర్థానికి రెండు గంపల ఎండుటాకులు, పైన కాస్త పాత పేడ లేదా ఇదివరకే తయారైన ఎరువు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మాత్రమే కనిపించాలి. ధారగా కారితే ఇంకా ఆకు కలపాలి, అసలు తడే లేకపోతే నీళ్లు చల్లాలి. నాలుగో రోజున కుప్పలోకి ఇనుప కడ్డీ గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకోండి. చేతికి చురుక్కుమంటే కుప్ప సవ్యంగా పనిచేస్తున్నట్టు. కుళ్లు వాసన వస్తే గాలి ఆడటం లేదని అర్థం, వెంటనే తిరగవేయించాలి. వారానికొకసారి తిరగవేస్తే రెండు మూడు నెలల్లో మట్టి వాసన వచ్చే ఎరువు తయారవుతుంది. వానపాముల ఎరువు మంచిదే కానీ, మన ఎండలకు నీడ, తడి ఒక్క వారం తప్పినా పాములు చచ్చిపోతాయి. వేసవి సెలవుల్లో చూసే మనిషి లేని చోట దాన్ని నేను సూచించను.

పాలనాధికారులు వెనకాడితే ఒక మాట గుర్తుచేయండి. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే 5,000 చదరపు మీటర్లకు మించిన సంస్థలు వ్యర్థాలను మూలంలోనే వేరు చేయాలని, కుళ్లే వ్యర్థాన్ని సాధ్యమైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలని స్పష్టంగా చెప్పాయి.

సమాధానం (వనపర్తి, వృక్షశాస్త్ర అధ్యాపకుడు)

మొక్కల ఎంపిక గురించి రెండు మాటలు. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను అడుగుతారు, ఒప్పుకోకండి. వేప, కానుగ, చింత, రావి, జమ్మి, తంగేడు మన నేలకు అలవాటుపడ్డవి. పండ్ల కోసమైతే సీతాఫలం ఉండనే ఉంది. దేశమంతా పేరు తెచ్చుకున్న బాలానగర్ రకం మన పాలమూరుదే. గుంతలు మే నెలలోనే రెండడుగుల కొలతతో తీసి ఎండనిచ్చి, కంపోస్టు కలిపిన మట్టితో నింపి, రెండు మంచి వానలు పడ్డాక నాటండి. పల్లం వైపు అర్ధచంద్రాకారంలో మట్టికట్ట వేస్తే వాన నీరు పాదులోనే నిలుస్తుంది.

కొత్త మొక్కలకన్నా ముందు పాత చెట్లను చూడండి. మహబూబ్‌నగర్ దగ్గరి పాత మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో ఆ మహావృక్షానికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలతో చుక్కచుక్కగా మందు ఎక్కించవలసి వచ్చింది. మీ ప్రాంగణంలో మొదలు దాకా సిమెంటు గచ్చు చేసిన చెట్లు ఉంటే, చుట్టూ మూడడుగుల మేర గచ్చు పగలగొట్టించండి. గడ్డపార, ఇద్దరు మనుషులు, ఒక పూట పని. మొక్కలు నాటే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు.

సమాధానం (నల్లగొండ, ఎలక్ట్రికల్ ఇంజినీరు)

సోలార్‌ను స్వల్ప నిధుల్లో పెట్టుకోకండి. ఒక కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల నీడ పడని కప్పు కావాలి, రోజుకు దాదాపు 4 యూనిట్లు వస్తాయి. పెట్టుబడి బయటి సంస్థ పెట్టి, యూనిట్‌కు ఇంత అని మీ నుంచి వసూలు చేసే పద్ధతి కూడా ఉంది, అయితే ఆ ఒప్పందం విశ్వవిద్యాలయం స్థాయిలో జరగాలి. మీరు చేయగలిగింది ఫ్యాన్ల లెక్క. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, కొత్తరకం మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 200 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద 72 యూనిట్లు, వంద ఫ్యాన్ల మీద 7,200 యూనిట్లు మిగులుతాయి. కాలిపోయిన ఫ్యాను స్థానంలో ఇకపై ఇవే కొనాలన్న ఒక్క ఉత్తర్వు తెప్పించగలిగితే అదనపు నిధులు పెద్దగా అవసరం లేదు.

సందేహం (అదే విద్యార్థిని)

అందరికీ కృతజ్ఞతలు. స్నానపు నీటి మడి, ఆకుల కంపోస్టు, వాటికి సరిపడినన్ని మొక్కలే రాయాలని నిర్ణయించుకున్నాను. నేను వచ్చే ఏడాది చదువు ముగించి వెళ్లిపోతాను. ఆ తర్వాత వీటిని ఎవరు చూస్తారన్నదే బెంగగా ఉంది.

సమాధానం (దేవరకొండ, హాస్టల్ వార్డెన్)

ఆ బెంగను ప్రతిపాదనలోనే రాయమ్మా. కుప్ప తిరగవేసే పనిని, మడికి నీరు వదిలే పనిని వాలంటీర్ల మీద పెట్టకుండా, పారిశుద్ధ్య కార్మికుల్లో ఒకరికి పని గంటల్లో భాగంగా అప్పగించి, వారికి చేతి తొడుగులు, బూట్లు, పార సమకూర్చే ఖర్చును నిధుల్లో మొదటి పద్దుగా చూపించు. తయారైన ఎరువు అమ్మితే వచ్చే డబ్బు వారికే చెందాలని కూడా రాయించు. తూకం పుస్తకం, నీటి పరీక్ష నివేదిక, బతికిన మొక్కల జాబితా అంతర్గత నాణ్యతా విభాగం దగ్గర ఉండేలా చూడు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ నాక్ తన ఏడో ప్రమాణం కింద హరిత తనిఖీ ఆధారాలు అడుగుతూ వచ్చింది కాబట్టి, ఆ పుస్తకాన్ని ఏటా నింపించవలసిన అవసరం ఆ విభాగానికే ఉంటుంది. జూన్‌లో నాటాలంటే గుంతలు మేలో తీయాలి, అందువల్ల అనుమతి కాగితం వేసవి సెలవులకు ముందే రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో.