తాళికి ముందే కోర్టు పెళ్లి చేసుకుని గ్రీన్ కార్డుకు ఫైల్ చేయడం సరైనదేనా?

గోదావరి అమ్మాయి:
అందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లో స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పని చేసుకునే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాను. హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీలో ఈసారీ పేరు రాలేదు. ఓపీటీ ఈ వేసవితో అయిపోతుంది. రాజమండ్రిలో పెద్దవాళ్లు తాంబూలాలు పుచ్చుకున్నారు, ముహూర్తం మాఘమాసంలో. అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు, అమెరికా పౌరుడు. ఇప్పుడే కోర్టులో పెళ్లి చేసుకుని ఫైల్ చేద్దాం, మాఘంలో ఇండియా పెళ్లి మామూలుగానే చేసుకుందాం అంటున్నాడు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. మెడలో తాళి పడకుండా భార్యాభర్తలమని ప్రభుత్వానికి ఎలా రాసిస్తారన్నది ఆయన మాట. అమ్మ కాస్త దిగి వచ్చి, "సంతకాలైతే పెట్టుకోండి, ముహూర్తం దాకా ఒకే ఇంట్లో మాత్రం ఉండొద్దు" అంటోంది. మీరైతే ఏం చేస్తారు?

ప్లానో వదిన:
చేసేసుకో తల్లీ. పౌరుల భార్యాభర్తలకు ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు, కాబట్టి క్యూ లేదు. ఇండియాలో పుట్టినవాళ్లు ఉద్యోగం మీద వెళితే ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ కోటాలలో ఎంతకాలం పడుతుందో నీకు తెలియంది కాదు. ఐ-130 (భర్త నీకోసం వేసే పిటిషన్), ఐ-485 (నీ గ్రీన్ కార్డు దరఖాస్తు), వర్క్ పర్మిట్‌కి ఐ-765, ప్రయాణానికి ఐ-131 అన్నీ కలిపి ఒకేసారి పంపొచ్చు. ఐ-485 పెండింగ్‌లో ఉన్నంతకాలం ఓపీటీ అయిపోయినా ఇక్కడే ఉండొచ్చు, వర్క్ పర్మిట్ చేతికి వచ్చాక పని చేసుకోవచ్చు. కౌంటీ క్లర్క్ దగ్గర లైసెన్సు తీసుకుని 72 గంటలు ఆగితే పెళ్లి చేసుకోవచ్చు. చేతిలో ఉన్న దారి వదులుకోకు.

కాజీపేట జంక్షన్:
వదినగారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ ఆ ఫైలు వేశాక మాఘం ముహూర్తం ఆమె చేతిలో ఉండదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఐ-485 వేసి, అడ్వాన్స్ పరోల్ (ఐ-131 వేస్తే వచ్చే, వెళ్లి తిరిగి రావడానికి అనుమతి) రాకముందే దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. హెచ్-1బి వాళ్లకున్న వెసులుబాటు వీళ్లకు లేదు. మండపానికి అడ్వాన్స్ కట్టి, శుభలేఖలు పంచి, పెళ్లికూతురు విమానం ఎక్కగలదో లేదో తెలియక అందరూ కూర్చోవాలి.

ఇంకో మాట. మా పిన్ని కూతురు ఇలాగే కోర్టు పెళ్లి చేసుకుంది. తర్వాత పెట్టుపోతల దగ్గర పెద్దవాళ్లకు మాటా మాటా వచ్చి ముహూర్తం ఆగిపోయింది. మా ఊళ్లో అది తప్పిపోయిన సంబంధం, అంతే. అమెరికాలో మాత్రం తను వివాహిత. విడాకులు తీసుకోక తప్పలేదు. తాళే కట్టించుకోని పిల్ల ఆ తర్వాత వచ్చిన ప్రతి సంబంధానికీ విడాకుల కాగితం చూపించి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. నాన్నగారి భయం చాదస్తం కాదండీ.

ప్లానో వదిన:
మరి ఇండియాలో పెళ్లి చేసుకుని, ఎఫ్-1 మీద తిరిగొచ్చి ఫైల్ చేయమంటారా? ఎయిర్‌పోర్టులో ఆఫీసరు "భర్త ఎవరు, ఇక్కడే ఉండిపోతావా" అని అడిగితే? అబద్ధం చెప్పకూడదు. నిజం చెబితే వెనక్కి పంపొచ్చు.

కాజీపేట జంక్షన్:
నేను ఆ దారి చెప్పడం లేదు. తాళి కట్టించుకుని అక్కడే ఆగి, ఇమ్మిగ్రెంట్ వీసా మీదే రమ్మంటున్నాను. ఐ-130 ఆమోదం అయ్యాక ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో జరుగుతుంది. ఆలస్యమే, కాదనను. ఉద్యోగం కూడా పోతుంది. కానీ దిగిన రోజు నుంచే పని చేసుకోవచ్చు, ఎక్కడికైనా వెళ్లిరావచ్చు.

ఫైళ్ల పని:
ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర ఫైళ్లు తయారు చేయడం నా ఉద్యోగం. ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు గానీ, నాకు అన్నిటికన్నా భయం వేసింది అమ్మగారి షరతు చూసి. ఐ-130లో భార్యాభర్తలు కలిసి ఏ అడ్రసులో ఉన్నారు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అని అడుగుతారు. అక్కడ రాయడానికేమీ లేక, ఒకరు ఇర్వింగ్‌లో ఒకరు ఆస్టిన్‌లో ఉంటూ ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ఆఫీసరు ఇద్దరి చేతా ప్రమాణం చేయించి, ఫైలు తెరిచి, ఆ గడి దగ్గర ఆగిపోతారు. పొద్దున ముందు ఎవరు లేస్తారు, అద్దె ఎవరి ఖాతాలోంచి పోతుంది, నిన్న రాత్రి ఏం తిన్నారు... కలిసి బతికేవాళ్లకు ఇవి ప్రశ్నలే కావు. విడిగా ఉన్నవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.

ఒకే కప్పు కింద ఉండి తీరాలని చట్టం అనదు. పెళ్లినాటికి కలిసి జీవించాలన్న ఉద్దేశం ఇద్దరికీ ఉందా అన్నదే చూడాలని, తర్వాత విడిగా ఉన్నంతమాత్రాన అది దొంగపెళ్లి కాదని 1975లో బార్క్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. అయినా నిరూపించుకోవాల్సింది మీరే. ఒకసారి దొంగపెళ్లి అని తేల్చారంటే, ఆ తర్వాత మీకోసం ఎవరు పిటిషన్ వేసినా ఆమోదించరు. ఇంత రిస్కు నలుగురి మాట కోసం తెచ్చుకోవద్దు.

తేదీ విషయం కూడా. ప్రతి ఫారంలో కోర్టు పెళ్లి తేదీయే రాయాలి. మాఘంలో ఇండియాలో సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇంకో సర్టిఫికెట్ తీసుకున్నారంటే ఒకే జంటకు రెండు పెళ్లి తేదీలు వస్తాయి. భర్త ఒక తేదీ, భార్య ఇంకో తేదీ చెప్పిన కేసులు మా దగ్గరికి వచ్చాయి. కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల కార్డే ఇస్తారు. దాని గడువు ముగిసేలోపు, చివరి 90 రోజుల్లో ఆ రెండేళ్ల షరతు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం వేయాలి. మాఘం పెళ్లి ఫొటోలు, ఇద్దరి పేరు మీద ట్యాక్స్ రిటర్నులు అప్పుడు బాగా అక్కరకొస్తాయి.

నా ఓటు కోర్టు పెళ్లికే. సంతకాలు పెట్టి ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్లగలిగితేనే.

ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
అమ్మా, మీ నాన్నగారికి ఐ-864 సంగతి చెప్పు. అబ్బాయి సంతకం చేసే పూచీకత్తు అది. పేదరిక రేఖ ఆదాయానికి 125 శాతం తగ్గకుండా నిన్ను పోషిస్తానని ప్రభుత్వానికి రాసిచ్చేది. నువ్వు పౌరసత్వం తీసుకునేదాకానో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 క్వార్టర్లు నీ లెక్కలో పడేదాకానో అది నడుస్తుంది. విడాకులైనా రద్దు కాదు. అంత బరువు తలకెత్తుకోవడానికి సిద్ధపడ్డ అబ్బాయి అని తెలిస్తే నాలాంటి తండ్రికి కొంత ధైర్యం వస్తుంది. ఇంకో దారి కూడా ఉంది. టెక్సాస్‌లో గుడి పురోహితుడు పెళ్లి జరిపించి లైసెన్సు మీద సంతకం చేయొచ్చు. ముందు గుడివాళ్లను అడిగి కనుక్కో. తాళి, చట్టం ఒకే రోజు అయిపోతాయి.

గోదావరి అమ్మాయి:
బాబాయ్ గారూ, మీ సందేశం నాన్నగారికి చదివి వినిపించాను. గుళ్లో అయితే మంచి రోజు తనే చూస్తానన్నారు. వాళ్లిద్దరికీ విజిటర్ వీసా ఉంది, వస్తామంటున్నారు. అమ్మ కూడా కాపురం విషయం ఇక ఎత్తడం లేదు.

కాజీపేట జంక్షన్:
గుళ్లో, అమ్మానాన్నల ముందు తాళి పడుతుందంటే నా అభ్యంతరం సగం పోయింది చెల్లెమ్మా. మిగతా సగం అలాగే ఉంది. అడ్వాన్స్ పరోల్ చేతికి రానిదే రాజమండ్రిలో మండపానికి రూపాయి కూడా కట్టనివ్వకు. మాఘం దాటిపోతే వైశాఖంలో చేసుకోండి.