చెంపలో పెట్టించుకున్న కొవ్వు తగ్గిపోతోంది, మీకెంత నిలిచింది?

లోతుచెంప: చిన్నప్పుడు తగిలిన దెబ్బకి నా ఎడమ చెంప లోపలికి పోయింది. పొట్ట నుంచి కొవ్వు తీసి అక్కడ ఎక్కించి ఏడు వారాలైంది. మొదటి వారం రెండు చెంపలూ సమానంగా కనిపిస్తే అద్దం ముందే ఏడ్చేశాను. ఇప్పుడు గుంట మళ్ళీ తేలుతోంది. రోజూ ఫోటో తీసి పోల్చుకుంటున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది. పెట్టిందంతా పోతుందా?

రెండోసారి: అంతా పోదండీ. మొదటి వారాల్లో మీరు చూసింది కొవ్వు ఒక్కటే కాదు, వాపు కూడా. నాకు మొదటిసారి సగం దాకా నిలిచింది. ఆరు నెలలు ఆగి మళ్ళీ పెట్టించుకున్నాను. మూడు నెలలు దాటకుండా లెక్క కట్టకండి.

థియేటర్ నర్సు: ఎందుకు తగ్గుతుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. తీసిన కొవ్వుకి సొంత రక్తనాళాలు ఉండవు. కొత్తవి అల్లుకునేదాకా చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఇంకే ఆక్సిజనే దానికి దిక్కు. అది ఎంతో లోపలికి పోదు. జపాన్‌లో యోషిమురా బృందం చూసిందేమిటంటే, కొవ్వు ముద్దలో పైన 0.3 మిల్లీమీటర్ల లోపు పొరలో ఉన్న కణాలే నేరుగా బతుకుతాయి. దాని కింది పొరలో కొవ్వు కణాలు చనిపోయినా మూలకణాలు తట్టుకుని కొత్తవాటిని పుట్టిస్తాయి. నడిమి భాగం మాత్రం దక్కదు.

అందుకే ఒకేచోట ముద్దగా పోయకూడదు. మొద్దు మొన ఉన్న కాన్యులాని, అంటే కొవ్వు ఎక్కించే సన్నటి గొట్టాన్ని, వెనక్కి లాగుతూ, ఒక్కో దారిలో కొంచెం కొంచెంగా, వేర్వేరు లోతుల్లో వదలాలి. నేను చూసిన మంచి సర్జన్లందరూ ఈ పనిలో అస్సలు తొందరపడరు. తీసేటప్పుడు కూడా గట్టిగా పీల్చితే కణాలు చితికిపోతాయి. తర్వాత శుద్ధి చేయడానికి కోల్‌మన్ అనే సర్జన్ పద్ధతిలో నిమిషానికి 3000 చుట్లతో 3 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కొందరు వడకడతారు, కొందరు కడుగుతారు. ఏది మేలన్నదాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు.

మళ్ళీ_నేనే: నేను కొవ్వు పెట్టించుకుంది రొమ్ములో, క్యాన్సర్ తర్వాత. రేడియేషన్ ఇచ్చిన చర్మం అట్టలా బిగుసుకుపోయింది, మొదటి విడతలో నిలిచింది చాలా తక్కువ. కానీ చర్మం మెత్తబడింది, రెండో విడత బాగా పట్టింది. నాలుగో నెలలో చేతికి గడ్డ తగిలితే ప్రాణం పోయినంత పనైంది. స్కాన్‌లో నూనె తిత్తి అని తేలింది, అంటే చనిపోయిన కొవ్వు కరిగి చేరిన సంచి, క్యాన్సర్ కాదు. లోతుచెంప గారూ, గట్టిగా ఏదైనా తగిలితే మీలో మీరే కుమిలిపోకుండా వెంటనే చూపించుకోండి. మామోగ్రామ్‌కి (రొమ్ము ఎక్స్‌రేకి) వెళ్ళేవాళ్ళు కొవ్వు ఎక్కించిన సంగతి ముందే చెప్పాలి.

లోతుచెంప: అక్కా, మీరింత ధైర్యంగా రాస్తుంటే నాకూ కాస్త ఊపిరి ఆడుతోంది. తగ్గుతుందని తెలిసినప్పుడు ముందే రెట్టింపు పెట్టేస్తే సరిపోదా? పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం) కలిపితే ఎక్కువ నిలుస్తుందని కూడా ఎవరో చెప్పారు.

పీజీ రెండో ఏడాది: కొంచెం ఎక్కువ పెట్టడం మామూలే. రెట్టింపు కుక్కితే లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందదు, ఉన్నది కూడా చస్తుంది. పీఆర్‌పీ ఫలితాలు అందరిలో ఒకేలా రాలేదు, దానికోసం అప్పు చేయమని నేనైతే చెప్పను. మీ చేతిలో ఉన్నవి వేరే. సిగరెట్ వద్దు, నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. బరువు ఒకేలా ఉంచుకోండి. పెట్టిన కొవ్వు బతికాక ఒంట్లో కొవ్వులాగే పెరుగుతుంది, తగ్గుతుంది.

రెండోసారి: నేను ఆ మధ్య ఆరు కిలోలు తగ్గాను, చెంపలోనూ తెలిసిపోయింది!

లోతుచెంప: నేను సర్జరీ అయిన దగ్గర్నుంచి భయంతో సరిగ్గా తినక నాలుగు కిలోలు తగ్గాను. అదీ ఒక కారణం అయ్యుంటుందా?

పీజీ రెండో ఏడాది: అయ్యుండొచ్చు. ముందు కడుపునిండా తినండి. ఫోటో నెలకొకటి చాలు, ఒకే వెలుతురులో, ఒకే కోణంలో. మూడో నెల ఫోటో తీసుకుని మీ సర్జన్‌ని కలవండి.